చెకుముకి తుపాకీ నకలు: తుప్పు వదిలించి, కర్రకు నూనె పట్టించడం ఎలా

ధనుర్మాసం రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. పాలకొల్లు నుంచి ఒకరు, అమలాపురం పక్క ఊరి హైస్కూలు మాస్టారు ఒకరు, యానాం నుంచి ఇంకొకరు. అడిగేది మాత్రం ఒకటే. "బొబ్బిలి యుద్ధం వేస్తున్నామండి. అటక మీంచి తుపాకీ దించితే ఎర్రగా తుప్పు పట్టి ఉంది. కర్ర ముట్టుకుంటే చేతికి అంటుకుంటోంది. ఏం రాయమంటారు?"

ఏమీ రాయొద్దు, ముందు చేతిలో ఉన్న గరుకు కాగితం కింద పెట్టండి అంటాను. నా దగ్గరికి వచ్చిన వాటిలో తుప్పు తిన్న తుపాకులకంటే తుప్పు వదిలించబోయి పాడుచేసినవే ఎక్కువ. ప్రతిసారీ ఫోనులో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే. ఇది నాటకాలకు, ఊరేగింపులకు, చరిత్ర ప్రదర్శనలకు వాడే పేలని నకలు తుపాకీ గురించి మాత్రమే. గొట్టం వెనక పక్కన, రంజకం గిన్నె (నిప్పంటించే మందు పోసే చిన్న గిన్నె) ఎదురుగా చూడండి. అక్కడ రంధ్రం లేకపోతే అది పేలని నకలు. రంధ్రం ఉంటే మాత్రం దాన్ని ఆటవస్తువు అనుకోకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మందు కూరి పేల్చే తుపాకీకి కూడా లైసెన్సు కావాలి. అలాంటిది మీ చేతికొస్తే విప్పడం కూడా మొదలుపెట్టకుండా పోలీసు స్టేషన్లో అడగండి. నకలుకి రంధ్రం వేయించుకుందామనే ఆలోచన అసలు రానివ్వకండి.

మెరవాలా, నల్లగా ఉండాలా?

ఇది తేల్చుకోకుండా పని మొదలుపెట్టొద్దు. సినిమాల్లో చూసి చాలామంది గొట్టానికి నల్ల రంగు కొట్టేస్తారు. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగింది. మన డెల్టా అంచున, పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధం 1758 డిసెంబరులో. ఆ రోజుల్లో ఇంగ్లీషు వాళ్ల తుపాకీ అయినా, ఫ్రెంచి వాళ్లదైనా గొట్టం తెల్లగా మెరిసే ఇనుమే. సిపాయిలు ఇటుక పొడి, నూనె కలిపి తోమేవాళ్లు. ఇంగ్లీషు సైన్యంలో గొట్టాలకు గోధుమరంగు పట్టించడం మామూలైంది 19వ శతాబ్దంలోనే. కాబట్టి ఆ కాలం నాటకానికి నల్ల పెయింటు వద్దు.

ఇంగ్లీషు నకళ్లలో మన దగ్గర కనిపించేది బ్రౌన్ బెస్. టేపు పెట్టి గొట్టం కొలవండి. 46 అంగుళాలుంటే పాత పొడుగు రకం, ఆ కాలానికి సరిపోతుంది. 39 అంగుళాలుంటే కంపెనీ సైన్యం తర్వాత వాడిన ఇండియా పాటర్న్. అది చందుర్తి నాటికి లేదు. ఉన్నది అదొక్కటే అయితే వేసెయ్యండి, మూడో వరసలో కూర్చున్నవాళ్లు టేపు తీసుకుని రారు. ఎగ్జిబిషన్లో పెట్టి కింద చీటీ రాసేటప్పుడు మాత్రం ఏడాది జాగ్రత్త.

కావలసినవి

అన్నీ ఊళ్లో దొరికేవే.

- కిరసనాయిలు, లేకపోతే డీజిల్, అర లీటరు
- వాటర్ పేపరు 320, 400, 600 నంబర్లు. చెక్కకు గరుకు కాగితం 180, 240
- కొబ్బరి పీచు, పాత టూత్‌బ్రష్షు, పాత నూలు పంచె చించిన గుడ్డలు
- మర గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్లు (ఇది ముఖ్యం), చిన్న పంచ్, చెక్క సుత్తి
- పెయింట్ రిమూవర్, రబ్బరు గ్లౌజులు
- డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే ఉడికించిన అవిసె నూనె, పావు లీటరు చాలు
- టర్పెంటైను, తేనెమైనం
- కుట్టుమిషను నూనె
- చింతపండు, వంట సోడా
- ఒక అయస్కాంతం
- మూతున్న రేకు డబ్బా, అందులో నీళ్లు. దీని సంగతి ఆరో మెట్టులో.

కొబ్బరి నూనె ఈ పట్టికలో లేదని గమనించండి. కోనసీమలో అందరి చేతికీ ముందు అందేది అదే. ఇనుముకు రాస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది, చలికాలంలో గడ్డకడుతుంది, తర్వాత జిగటై దుమ్ము పట్టి మరల సందుల్లో మురికి ముద్దలా తయారవుతుంది. తలకు రాసుకోండి, తుపాకీకి వద్దు.

సమయం సంగతి. పని మాఘ ఫాల్గుణాల్లో పెట్టుకుంటే హాయి. శ్రావణ భాద్రపదాల ముసురులో నూనె ఆరదు, రుద్దిన ఇనుము తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. సంక్రాంతికి నాటకం పెట్టుకుని భోగి ముందు రోజు ఫోను చేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మైనం రాసి వాడుకోండి. మిగతాది తర్వాత.

1. ఖాళీగా ఉందో లేదో చూడండి

నకలే కదా అని వదలకండి. మందు కూరే కడ్డీని గొట్టంలోకి మెల్లగా జారవిడవండి. మూతి దగ్గర కడ్డీ మీద పెన్సిలుతో గీత గీసి, బయటికి తీసి గొట్టం పక్కన పెట్టండి. కడ్డీ కొస రంజకం గిన్నె దగ్గరిదాకా రావాలి. అంతకు చాలా ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉంది. కొన్ని నకళ్లకు ఫ్యాక్టరీలోనే గొట్టంలో ఇనుప బిరడా వేస్తారు, టార్చి వేస్తే నున్నటి ఇనుప ముఖం కనిపిస్తుంది. నాకు ఒకసారి కందిరీగ గూడు దొరికింది, ఇంకోసారి బీడీ కట్ట. ఏముందో తెలియకపోతే పని ఆపండి.

2. విప్పండి, ఫొటోలు తీస్తూ

ఒక్కో మర విప్పేముందు ఫోనుతో ఫొటో. మరల్ని అట్టముక్క మీద తుపాకీ బొమ్మ గీసి ఎక్కడివక్కడ గుచ్చండి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ఒకదాని చోట ఒకటి పట్టదు.

మొదట కూరే కడ్డీ తీయండి. తర్వాత లాక్, అంటే తుపాకీ పక్కన రాయిని కొట్టించే స్ప్రింగుల యంత్రం. చెకుముకి రాయిని పళ్లతో పట్టుకునే భాగాన్ని గుర్రం అంటారు. దాన్ని సగం వెనక్కి లాగి నిలపండి. ఎడమ పక్కనున్న రెండు మరల్ని మూడు నాలుగు చుట్లు వదులు చేసి, ఆ మర తలల మీద స్క్రూడ్రైవరు చెక్క పిడితో టక్ టక్ అని కొట్టండి. లాక్ తనే అవతలికి లేస్తుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. లాక్ రావట్లేదని అంచులో స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తుతారు. టేకు కర్ర అంచు బెత్తెడు పొడుగున చీలి వస్తుంది. 2022 జులై వరదలో లంకలో మూడు రోజులు తడిసిన తుపాకీని నేనూ అలాగే ఎత్తబోయాను. చెక్క ఉబ్బి లాక్‌ను బిగబట్టేసింది. కుడిపక్క అంచు లేచిపోయింది, ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. తడిసిన తుపాకీ అయితే నీడలో, గాలి తగిలే చోట రెండు మూడు వారాలు ఉంచాకే విప్పండి. ఎండలో పెట్టొద్దు, నిలువునా పగులుతుంది.

లాక్ వచ్చాక గొట్టం తోక (వెనక కొసన కర్రలో కూర్చునే రేకు) మర విప్పండి. కొన్నిటికి అది పైనుంచి ఉంటుంది, కొన్నిటికి కింద, వేలితో లాగే మీట దగ్గర నుంచి. తర్వాత బ్రౌన్ బెస్‌కైతే కర్ర గుండా అడ్డంగా దూరిన సన్నటి పిన్నులు, ఫ్రెంచి రకానికైతే గొట్టాన్నీ కర్రనీ కలిపి పట్టే కట్లు. పిన్నును పంచ్‌తో చిన్నగా తట్టి చూడండి. కదలకపోతే అవతలి వైపు నుంచి తట్టండి, బలం చూపించకండి. గొట్టాన్ని మూతి వైపు నుంచి కాస్త కాస్త ఎత్తుతూ తీయాలి. తోక పట్టుకుని లాగితే మణికట్టులా సన్నగా ఉండే చోట కర్ర విరుగుతుంది.

3. గొట్టం తుప్పు

అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే ఇనుమే. అతుక్కోకపోతే అది పోత లోహం, పైన పూత మాత్రమే ఉంటుంది. దాన్ని సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, మైనం రాసి వదిలెయ్యండి. ఒక్కసారి రుద్దితే పూత పోతుంది, మళ్లీ రాదు.

ఇనుమైతే కిరసనాయిలు బాగా పట్టించి, గుడ్డ చుట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున కొబ్బరి పీచుతో తోమండి. పైపై తుప్పు సగం అక్కడే పోతుంది. మిగిలిన దానికి వాటర్ పేపరును అరచేతి పొడుగు చెక్కముక్కకు చుట్టి, కుట్టుమిషను నూనె చుక్కలు వేస్తూ గొట్టం పొడుగునా రుద్దండి. 320తో మొదలుపెట్టి 400, ఆ తర్వాత 600. వేలితో నొక్కి రుద్దితే పల్లాలు పడతాయి. ఎండలో పట్టుకుని చూస్తే గొట్టం అలలు అలలుగా కనిపిస్తుంది, అది ఇక సరికాదు.

చిన్న నల్లటి గుంటలు మిగులుతాయి, ఉండనివ్వండి. అవన్నీ పోయేదాకా అరగదీస్తే అక్షరాలు, ముద్రలు కూడా పోతాయి.

డ్రిల్లుకు తీగ బ్రష్షు తగిలించి కొట్టొద్దు. బాత్రూం కడిగే యాసిడ్ అసలే వద్దు. ఒకసారి పని తొందరలో నేనే పోశాను. పది నిమిషాల్లో గొట్టం వెండిలా తెల్లబడింది. నాలాంటి తెలివైనవాడు లేడనుకుని టీ తాగి వచ్చేసరికి పసుపు రాసినట్టు మొత్తం కొత్త తుప్పు. ఆ గుంటలు రుద్దడానికి రెండు ఆదివారాలు పట్టింది.

చిన్న మరలకైతే వెనిగర్ పనికొస్తుంది. గాజు సీసాలో ఒక రాత్రి నానబెట్టి, బ్రష్షుతో తోమి, వంట సోడా నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి.

పని ఆపిన ప్రతిసారీ, భోజనానికి లేచినా సరే, నూనె గుడ్డతో ఒకసారి తుడవండి. రుద్దిన ఇనుము మీద చెమట చెయ్యి పడితే మర్నాటికి అయిదు వేళ్లూ అచ్చు పడతాయి.

4. లాక్

మురికి మాత్రమే అయితే లాక్‌ను ముక్కలు చెయ్యనక్కర్లేదు. కిరసనాయిలులో ముంచి, టూత్‌బ్రష్షుతో తోమి, గుడ్డతో ఆరబెట్టి, కదిలే ప్రతి చోటా ఒక్క చుక్క కుట్టుమిషను నూనె. అంతే.

లోపల తుప్పు గడ్డకట్టి ఉంటేనే విప్పాలి. అందులో పెద్ద స్ప్రింగు ప్రమాదం. నేరుగా దాని మర విప్పితే ఎగిరి కంటికి తగలొచ్చు. గుర్రాన్ని పూర్తిగా వెనక్కి లాగి, స్ప్రింగు రెండు రెక్కల్నీ చిన్న క్లాంపుతో అదిమిపట్టి (మధ్యలో తోలు ముక్క పెట్టండి), అప్పుడు గుర్రాన్ని చేత్తో పట్టుకుని మెల్లగా దించాలి. స్ప్రింగు మీద బరువు పోయాకే మర విప్పాలి. కళ్లద్దాలు పెట్టుకోండి. మీకు టెన్షన్‌గా అనిపిస్తే కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లండి, ఆయనకి స్ప్రింగుల సంగతి తెలుసు.

గుర్రాన్ని, మీటను పట్టి నిలిపే గాట్లను ఆకురాయితో ముట్టుకోకండి. నున్నగా చేద్దామని ఒక్కసారి గీరితే గుర్రం సగంలో నిలవదు, దానంతటదే పడుతుంది.

రాయి విషయం. వేదిక మీద నిజమైన చెకుముకి రాయి వద్దు. ఉక్కు పలకకు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. పక్కనే తెరలు, తాటాకు పందిరి ఉంటాయి. అదే కొలతకు టేకు ముక్క చెక్కించి, తోలు చుట్టి, గుర్రం పళ్ల మధ్య బిగించండి. బూడిదరంగు వేస్తే దూరానికి రాయిలాగే ఉంటుంది. పలక కూడా అరగదు.

5. ఇత్తడి

చింతపండు గుజ్జు, చిటికెడు ఉప్పు. మీ ఇంట్లో బిందెలు తోమేవారిని అడగండి, నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పేది ఒకటే, ఇత్తడిని కర్ర మీద ఉండగా తోమొద్దు. పులుపు అంచుల్లోకి దిగి పచ్చగా చిలుము పడుతుంది, కర్ర నల్లబడుతుంది. మడమ రేకు (కర్ర వెనక కొసనుండే ఇత్తడి రేకు), మీట చుట్టూ ఉండే వంపు విప్పి తోమి, నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి.

6. కర్ర

మన దేశంలో తయారైన నకళ్లలో ఎక్కువ టేకే. పైన ముదురు వార్నిషు మందంగా పూసి ఉంటారు. అసలు తుపాకులది వాల్‌నట్ కర్ర. ఆ వార్నిషే మన ఉప్పు గాలికి, చెమటకి మెత్తబడి చేతికి అంటుకుంటుంది.

పెయింట్ రిమూవర్ రాసి పావుగంట ఉంచి, వెదురు చెక్కతో గీకండి. ఆరుబయట చెయ్యండి, గ్లౌజులు తప్పనిసరి. ఇనప పారతో గీకితే కర్ర లేస్తుంది. మొత్తం పోయాక తిన్నరు గుడ్డతో ఒకసారి తుడిచి ఒక రోజు ఆరనివ్వండి. టేకులో సహజంగా జిడ్డు ఉంటుంది, అలా తుడవకపోతే నూనె సరిగ్గా పట్టదు.

సొట్టలు గరుకు కాగితంతో తీయొద్దు. తడిగుడ్డ మడిచి సొట్ట మీద పెట్టి ఇస్త్రీపెట్టె కొసతో అదమండి. చుయ్‌మని ఆవిరి లేస్తుంది, నొక్కుకుపోయిన చెక్క లేచి వస్తుంది. రెండు మూడు సార్లు చెయ్యాల్సి రావొచ్చు. నార తెగిన గాటుకు ఇది పనిచెయ్యదు. చీలికలకు ఆరల్‌డైట్ కూరి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టి ఒక రోజు వదలండి.

ఇప్పుడు 180తో, ఆ తర్వాత 240తో నార వెంట రుద్దండి. లాక్ కూర్చునే గుంట అంచులు, ఇత్తడి రేకులు కూర్చునే అంచులు మాత్రం ముట్టుకోవద్దు. అంచు గుండ్రబడితే బిగించాక చుట్టూ సందు కనిపిస్తుంది. బాగుచేసిన తుపాకీని దూరం నుంచి గుర్తుపట్టేది ఆ సందు వల్లే. నేనైతే అంచుల చుట్టూ టేపు అంటిస్తాను.

తర్వాత తడిగుడ్డతో కర్రంతా తుడిచి ఆరనివ్వండి. నార లేచి గడ్డంలా గరగరలాడుతుంది. 240తో తేలిగ్గా ఒక పట్టు పట్టండి. ఈ పని మానేస్తే నాటకం రోజు మంచుకి నార లేచి ఊరుకుంటుంది.

రంగు కావాలంటే హార్డ్‌వేరు షాపులో వాల్‌నట్ స్టెయిన్ దొరుకుతుంది. ముందు మడమ రేకు కింద దాగే చోట రాసి చూడండి. టేకు మీద రంగు ఎలా దిగుతుందో డబ్బా మీది బొమ్మ చెప్పదు.

నూనె. మొదటి పట్టుకు అవిసె నూనె, టర్పెంటైను సగం సగం. ధారాళంగా రాసి, పావుగంట ఆగి, పైన మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. తుడవకపోవడమే ఇక్కడి తప్పు. మిగిలిన నూనె బెల్లం పాకంలా జిగటగా నిలిచిపోతుంది, మళ్లీ మొదటికొస్తారు. ఎండ రోజుల్లో మర్నాడు రెండో పట్టు వెయ్యొచ్చు, గాలిలో తడి ఉంటే మూడు నాలుగు రోజులు ఆగండి. రెండో పట్టు నుంచి అచ్చ నూనె, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దండి. నాలుగైదు పట్లు చాలు. తొందరగా కావాలంటే లక్క పాలిష్ ఉంది, ఒక్క రోజులో అయిపోతుంది, కానీ చెమట చేతులకు తెల్ల మచ్చలు పడతాయి.

రేకు డబ్బా ఇప్పుడు. అవిసె నూనె అంటిన గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు. వాడిన ప్రతి గుడ్డనీ నీళ్ల డబ్బాలో ముంచండి, లేదా దండెం మీద ఒక్కొక్కటి విడివిడిగా పరిచి ఆరేయండి. కొబ్బరి పీచు, గడ్డివాము ఉన్న దొడ్లో ఇది మరీ జాగ్రత్త.

7. బిగించడం

గొట్టం కింది భాగానికి, లాక్ లోపలి వైపుకి తేనెమైనం, టర్పెంటైను కలిపి పల్చగా రాయండి. కర్రలో దాగే చోటే తుప్పు ముందు పుడుతుంది, మళ్లీ విప్పేదాకా కనపడదు. వరసను తిప్పి బిగించుకురండి: గొట్టం, పిన్నులు, తోక మర, లాక్, కడ్డీ. లాక్ మరల్ని గట్టిగా బిగించొద్దు. బాగా బిగిస్తే లోపలి భాగాలు చెక్కకు రాసుకుని గుర్రం బరువుగా కదులుతుంది.

సరిగ్గా వచ్చిందా?

కర్ర మీద ఒక నీటి చుక్క వేసి పది నిమిషాలు చూడండి. ముత్యంలా నిలిస్తే బాగుంది. కింద నల్లగా పాకితే ఇంకో పట్టు నూనె కావాలి. అరచెయ్యి అయిదు నిమిషాలు ఆనించి తీయండి, అంటుకున్నట్టుంటే ఇంకా ఆరలేదు.

గొట్టాన్ని ఒక రాత్రి వరండాలో ఉంచి, పొద్దున తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ మీద గోధుమ మరక వస్తే మైనం ఎక్కడో తప్పింది.

గుర్రాన్ని సగంలో నిలిపి మీట మామూలు బలంతో లాగి చూడండి. పడకూడదు. పూర్తిగా లాగి, మడమను గోనెసంచి మీద రెండుసార్లు తట్టండి. అప్పుడూ పడకూడదు. పడితే ఆ తుపాకీ నటుడి చేతికి ఇవ్వొద్దు, గోడకు తగిలించుకోండి.

దాచడం

తోలు తొడుగులో, పాలిథిన్ సంచిలో దాచొద్దు, రెండూ తడిని పట్టి ఉంచుతాయి. పాత నూలు చీరలో వదులుగా చుట్టి, గొట్టం మూతి కిందికి ఉండేలా బీరువా మూలన నిలబెట్టండి. మూతి పైకి ఉంటే నూనె మెల్లగా లాక్ దగ్గరి కర్రలోకి దిగి చెక్క మెత్తబడుతుంది. ముసురు నెలల్లో పదిహేను రోజులకొకసారి తీసి చూడండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లయితే వారానికొకసారి.

బయటికి తీసుకెళ్లేటప్పుడు బస్సులో చేత్తో పట్టుకుని కూర్చోకండి, సంచిలో కట్టండి. ఊరేగింపు ఉంటే ముందే స్టేషన్లో ఒక మాట చెప్పి ఉంచండి.

నాటకం అయిన రాత్రే, మేకప్ తుడుచుకునేముందు, మైనం గుడ్డతో గొట్టం ఒకసారి తుడవండి. ఆ గుడ్డను నేను ఫ్రెంచి సిపాయి కోటు జేబులోనే పెట్టి పంపిస్తాను. పొద్దున అడిగితే ఎవరి దగ్గరా ఉండదు.